మీట నొక్కినంతనే మోటారు తిరుగునా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో పొలములకు నీరు చాలవరకు బోరుబావుల నుండియే రావలెను. నేల అడుగున గ్రానైటు, నైసు వంటి గట్టి శిలలు గలవు. వాని పగుళ్లలో నిలిచిన కొద్దిపాటి నీటిని విద్యుత్ మోటారు పైకి తోడును. చాలకాలము ఈ మోటార్లకు కరెంటు వంతులవారీగా, తరచు రాత్రివేళ వచ్చెడిది. రైతు చీకటిలో గట్లవెంట నడిచి పోయి స్టార్టరు మీట నొక్కవలసి యుండెను. పాముకాటుకో, తడిచేతికి తగిలిన షాకుకో బలియైనవారు కలరు. దూరమునుండి మోటారును నడుపవలెనను కోరిక ఇచ్చట ప్రాణావసరమై పుట్టినది.

దానికి మొదట దొరికిన ఉపాయము ఆటోస్టార్టరు. కరెంటు రాగానే అది మోటారును తనంతట తానే నడిపించును. కాని మడి నిండినదో లేదో దానికి తెలియదు. మరియొక చిక్కు కూడ కలదు. ఇండక్షను మోటారు ప్రారంభమగు క్షణమున, నడచునప్పటికంటె 5, 6 రెట్లు ఎక్కువ కరెంటు లాగును. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నియు ఒక్కుమ్మడిగా మేల్కొన్నచో ఆ భారమెంతయో ఊహింపవచ్చును. 2017 జూలైలో పూర్వపు నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాలలో వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తును ప్రయోగాత్మకముగా ఇచ్చిరి. 2018 జనవరి 1 నుండి తెలంగాణ రాష్ట్రమంతట ఇచ్చిరి. రేయింబవళ్లు మోటారు ఆగకున్నచో భూగర్భజలము అడుగంటునని, ఆటోస్టార్టర్లను తీసివేయవలసినదిగా ప్రభుత్వము రైతులను కోరెను.

అందరును ఒక్కసారిగా మేల్కొనుటవలన కలుగు ఇట్టి చిక్కే అంతకు పూర్వము వార్తాప్రసార రంగమున ఎదురయ్యెను. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము, వేర్వేరు దీవులలోని యంత్రములను రేడియో ద్వారా ఒక కంప్యూటరుతో కలిపెను. రెండు యంత్రములు ఒకేసారి పలికినచో రెండు మాటలును చెడును. అందుకు వారు ఏర్పరచిన నియమము సులభమైనది: వార్త అందినవారు అందినదని జవాబీయవలెను, జవాబు రానిచో, పంపినవారు ఏదో ఒక అనిశ్చిత వ్యవధి ఆగి మరల పంపవలెను. ఒక్కొక్కరు ఒక్కొక్క వ్యవధి ఆగుటచే మరల ఢీకొను అవకాశము తగ్గును.

తరువాత వచ్చిన మొబైల్ స్టార్టరులో ఈ జవాబు అను గుణము చేరినది. దానిలో ఒక సిమ్‌కార్డు ఉండును. రైతు ఇంటినుండి ఫోను చేసినచో మోటారు నడచును; నడచినదా, కరెంటు లేదా, ఒక ఫేజు పోయినదా అను వర్తమానము తిరిగి వచ్చును. జవాబే రానిచో లోపము దారిలోనో, స్టార్టరులోనో ఉన్నదని తెలియును.

నేడు ఇంటిలోని దీపములను, పంకాలను సహితము ఫోనుతో నడుపుచున్నారు. 1975లో స్కాట్లండులో రూపొందిన ఎక్స్-10 అను పద్ధతిలో ఆజ్ఞ ఇంటి కరెంటు తీగలపైననే పోయెడిది. తొలినాటి పరికరములు జవాబిచ్చెడివి కావు. ఇప్పటి పరికరములు జవాబిచ్చును. ఫోను, రౌటరు, దీపము ఒకే ఇంటిలో ఉన్నచో ఆజ్ఞ బయటి ఇంటర్నెట్టుకు పోకయే చేరవచ్చును. అయినను ఒక్కొక్కప్పుడు “సంబంధము కుదరలేదు” అని ఫోను చెప్పును.

దీనికి తరచు కనబడు కారణము కరెంటు పోయి వచ్చుటయే. దీపము వెంటనే మేల్కొనును. రౌటరుకు ఒకటి రెండు నిమిషములు పట్టును. అదిగాక, 1993లో ప్రకటితమైన డిహెచ్‌సిపి అను నియమావళి ప్రకారము రౌటరు ప్రతి పరికరమునకు కొంతకాలమునకే ఒక చిరునామా నిచ్చును. మేల్కొన్న దీపమునకు క్రొత్త చిరునామా వచ్చినచో, ఫోను పాత చిరునామాకే ఆజ్ఞను పంపుచుండును.

పరీక్షను దగ్గరనుండి మొదలుపెట్టవలెను. దీపమునకు కరెంటు ఉన్నదా? ఫోను ఇంటి వైఫైలోనే ఉన్నదా? చిరునామా మారినదా? పిమ్మట 1983లో మైక్ మూస్ వ్రాసిన పింగ్ అను చిన్న ప్రోగ్రాముతో ఆ చిరునామాను పిలువవలెను. జలాంతర్గామిని వెదకు ధ్వని పేరే దానికి పెట్టిరి. ప్రతిధ్వనివలె జవాబు వచ్చినచో దారి బాగున్నది. లోపము పరికరపు ప్రోగ్రాములోనో, అనుమతిలోనో వెదకవలెను. చిరునామా మారుచున్నచో, రౌటరులో ఆ పరికరమునకు ఒకే చిరునామాను కేటాయించిన చాలును.