ముప్పై రోజుల నవల: ‘నానోరైమో’ ఉద్యమ చరిత్ర, పదసంఖ్యా ప్రమాణం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నవల ఏకాంతంలో పుట్టే ప్రక్రియ అన్న భావన సాహిత్య విమర్శలో బలంగా పాతుకొని ఉంది. నాటకానికి సమాజం కావాలి, అవధానానికి సభ కావాలి, హరికథకు శ్రోతలు కావాలి. నవలాకారునికి మాత్రం ఒక గది, కొంత కాగితం, దీర్ఘకాలం చాలునని సాధారణాభిప్రాయం. ఈ భావనకు భిన్నంగా, వేలాదిమంది ఒకే నెలలో, ఒకే నియమానికి కట్టుబడి, ఒకరినొకరు ప్రోత్సహించుకుంటూ నవలలు రాసిన ఉద్యమమొకటి 1999లో అమెరికాలో మొదలై 2025లో ముగిసింది. దాని పూర్తి పేరు ‘నేషనల్ నావెల్ రైటింగ్ మంత్’, వాడుకలో ‘నానోరైమో’. పాతికేళ్ళకు పైగా సాగిన ఈ ఉద్యమం మొత్తం ఒకే ఒక కొలతపై నిలిచింది. ముప్పై రోజుల్లో 50,000 పదాలు రాయాలి. ఆ కొలతే ఉద్యమ విస్తరణకు ఎలా కారణమైందో, చివరి సంక్షోభంలో అదే ఎలా బలహీనతగా పరిణమించిందో పరిశీలించడం, తెలుగు రచనా సంప్రదాయం నుంచి ఆ ప్రమాణాన్ని బేరీజు వేయడం ఈ వ్యాసం లక్ష్యం.

పూర్వరంగం

గడువుకు లోబడి నవల రాయడం నానోరైమోతో మొదలైనది కాదు. 1866లో దస్తయేవ్‌స్కీ ‘జూదరి’ నవలను ఇరవయ్యారు రోజుల్లో పూర్తిచేసిన ఉదంతం ప్రసిద్ధం. నవంబరు 1 నాటికి కొత్త నవల అందించకపోతే తొమ్మిదేళ్ళపాటు తన రచనలను ఉచితంగా ప్రచురించుకునే హక్కు ప్రచురణకర్త స్టెల్లోవ్‌స్కీకి దక్కేలా ఆయన ఒప్పందం చేసుకున్నాడు. గడువు ముంచుకొచ్చాక అన్నా స్నిత్కినా అనే సంక్షిప్త లేఖకురాలిని కుదుర్చుకొని, నవలను చెప్పి రాయించాడు. మరుసటి ఏడు ఆమెనే వివాహమాడాడు. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ గడియారం ఎదుట పెట్టుకొని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడినని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1977లో కెనడాలోని వాంకూవర్‌లో ‘మూడు రోజుల నవల’ పోటీ ఆరంభమైంది.

ఈ ఉదాహరణలను కలిపి చూస్తే ఒక తేడా స్పష్టమవుతుంది. దస్తయేవ్‌స్కీకి గడువు విధించింది అప్పు, ట్రాలప్‌కు వృత్తి క్రమశిక్షణ, వాంకూవర్ రచయితలకు పోటీ. అప్పు గానీ వృత్తి గానీ బహుమతి గానీ లేకుండా, కేవలం తోటివారి సాహచర్యాన్నే గడువుగా మార్చడం నానోరైమో చేసిన కొత్త పని.

ఆవిర్భావం

1999 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసర ప్రాంతంలో క్రిస్ బాటీ అనే యువ రచయిత, ఆయన మిత్రులు కలిసి మొత్తం 21 మంది ఈ ప్రయత్నానికి పూనుకున్నారు. సాహిత్య సిద్ధాంతమేదీ వారి ముందు లేదు. నవల రాయాలన్న కోరిక ఉండి, ‘ఎప్పుడో ఒకప్పుడు’ అని వాయిదా వేస్తున్నవారి బృందమది. లక్ష్యంగా ఎంచుకున్న 50,000 పదాల సంఖ్యకూ శాస్త్రీయ ప్రాతిపదిక లేదు. తన పుస్తకాల అరలోని చిన్న నవలల్లో ఒకటైన ఆల్డస్ హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నిడివిని ఉజ్జాయింపుగా లెక్కించి బాటీ దానిని నిర్ణయించాడు. తరువాతి కాలంలో లక్షల మందికి కొలమానంగా నిలిచిన సంఖ్య ఇంత యాదృచ్ఛికంగా ఏర్పడినదే.

మరుసటి ఏడు కార్యక్రమం నవంబరుకు మారింది. బయట చలి, ముసురు ఉండే నెలలో మనుషులు ఇంటిపట్టున కూర్చొని రాస్తారన్నది అందుకు కారణం. 2000లో 140 మంది పాల్గొనగా 29 మంది లక్ష్యాన్ని చేరుకున్నారు. 2001లో పాల్గొన్నవారి సంఖ్య సుమారు 5,000. 2010 నాటికి అది రెండు లక్షలు దాటింది; ఆ ఒక్క నెలలో నమోదైన పదాల మొత్తం 280 కోట్లకు పైబడింది. 2004లో బాటీ ‘నో ప్లాట్? నో ప్రాబ్లమ్!’ అనే పుస్తకంలో తన పద్ధతిని వివరించాడు. క్రమంగా ఈ కార్యక్రమం లాభాపేక్ష లేని సంస్థగా రూపొంది, బడి పిల్లల కోసం ప్రత్యేక విభాగాన్ని కూడా నడిపింది. 2012 ఆరంభంలో బాటీ సారథ్యం నుంచి తప్పుకున్నాడు.

నియమాలు, సాహచర్యం

నానోరైమో నియమాలు కొద్దిపాటివి. నవంబరు 1 ప్రారంభం కాగానే రచన మొదలుపెట్టి 30 అర్ధరాత్రికి ముగించాలి. ప్రణాళిక, పాత్రల వివరాలు ముందే సిద్ధం చేసుకోవచ్చు గానీ నవలా భాగం ముందుగా రాయరాదు. రోజుకు సగటున 1,667 పదాలు రాయాలి. 50,000 చేరిన ప్రతివారూ విజేతలే. వారికి ధ్రువపత్రం తప్ప ధనరూపమైన బహుమతి లేదు. రచనను ఎవరూ చదవరు. యంత్రం పదాలను లెక్కిస్తుంది, అంతే. కథ బయటపడుతుందన్న శంక ఉన్నవారు అక్షరాలను తారుమారు చేసి కూడా లెక్కకు పంపవచ్చు.

ఈ చివరి నియమం మొత్తం వ్యవస్థ స్వభావాన్ని వెల్లడిస్తుంది. మోసం చేయడం ఇక్కడ అతిసులభం. చేసినందువల్ల దక్కేది మాత్రం శూన్యం. రచయిత మాట మీద నమ్మకమే పునాది. నాణ్యతను తీర్పరుల చేతిలో పెట్టకపోవడం వల్ల ఓటమి భయం తగ్గింది. లోపలి విమర్శకుణ్ణి ఒక నెలపాటు పక్కన కూర్చోబెట్టమని బాటీ ఇచ్చిన సలహా ఈ పద్ధతికి సారం. చిత్తుప్రతి చెడ్డదైనా ఉండాలి, లేనిదానిని దిద్దుకోలేమన్నది అందులోని తర్కం.

సాహచర్యం ఊరూరా వ్యవస్థీకృతమైంది. ప్రాంతానికొక స్వచ్ఛంద ప్రతినిధి ఉండేవారు. గ్రంథాలయాల్లో, కాఫీ హోటళ్ళలో బృందాలుగా కూర్చొని రాసేవారు. పది, పదిహేను నిమిషాల గడువు పెట్టుకొని ఎవరెక్కువ పదాలు రాస్తారో పందెం వేసుకునేవారు. రెండోవారంలో ఉత్సాహం సన్నగిల్లడం అందరికీ ఎదురయ్యే దశ అని అనుభవజ్ఞులు కొత్తవారికి ముందే చెప్పేవారు. వ్యక్తిగత వైఫల్యంగా అనిపించేదాన్ని సామూహిక అనుభవంగా మార్చి చూపడమే ఆ మాటలోని బలం. గృహిణులు, ఉద్యోగులు, విద్యార్థులు, విశ్రాంత జీవులు రచయితలుగా తమను తాము గుర్తించుకోగలిగిన చోటు ఇక్కడ ఏర్పడింది.

ఫలితాలు, విమర్శ

నానోరైమో చిత్తుప్రతులుగా మొదలై ప్రసిద్ధి పొందిన నవలలు కొన్ని ఉన్నాయి. సారా గ్రూయెన్ ‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’ (2006), ఎరిన్ మోర్గన్‌స్టర్న్ ‘ది నైట్ సర్కస్’ (2011), మరిస్సా మేయర్ ‘సిండర్’ (2012), రెయిన్‌బో రోవెల్ ‘ఫ్యాన్‌గర్ల్’ (2013) వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏదీ నెలలో పూర్తయిన నవల కాదని గమనించాలి. ‘నైట్ సర్కస్’ ఒకటికి మించిన నవంబరులలో పోగుపడిన ముడిసరుకు నుంచి పుట్టి, మళ్ళీ మళ్ళీ తిరగరాశాక గాని ప్రచురణకు నోచుకోలేదు. నెల ఇచ్చింది ఆరంభాన్ని మాత్రమే.

విమర్శకులూ లేకపోలేదు. 2010లో లారా మిల్లర్ అనే విమర్శకురాలు లోకానికి కొరత రచయితలు కారని, పాఠకులేనని వాదించింది. రాయాలన్న ఉబలాటానికి ఇంత పెద్ద ఉత్సవం చేసే సమాజం చదవడానికి అంత ఉత్సవం చేయడం లేదన్నది ఆమె ఆక్షేపణ సారాంశం. ఈ వాదంలో సత్యాంశం ఉంది. అయితే రాయడం, చదవడం పరస్పర విరుద్ధాలని అది అనుకుంటుంది. ఒక నవల నిర్మాణంలోని కష్టాన్ని నెలపాటు చవిచూసినవాడు ఇతరుల నవలను మునుపటికంటే శ్రద్ధగా చదివే అవకాశం ఉందన్న అంశాన్ని అది లెక్కలోకి తీసుకోదు.

తెలుగు సంప్రదాయపు కొలతలు

తెలుగు నవల తొలినాళ్ళలోనే పోటీలతో, గడువులతో పెనవేసుకొని ఉంది. రాజమహేంద్రవరం నుంచి వెలువడిన ‘చింతామణి’ పత్రిక 1890లలో నిర్వహించిన నవలల పోటీలు ఈ ప్రక్రియ వ్యాప్తికి ఊతమిచ్చాయి. చిలకమర్తి ‘రామచంద్ర విజయం’ ఆ పోటీలో బహుమతి పొందినదే. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రకటించిన పోటీ విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ నవలల్ని సమానంగా గౌరవించింది. విశ్వనాథ ఆశువుగా చెబుతూండగా సోదరుడు వెంకటేశ్వర్లు లిపిబద్ధం చేశారని, అంత బృహన్నవల 29 రోజుల్లో పూర్తయిందని ప్రసిద్ధి. నానోరైమో కంటే అరవై అయిదేళ్ళ ముందే, దాని గడువులోపలే, దాని లక్ష్యానికి ఎన్నో రెట్లు మించిన నవల తెలుగులో వచ్చిందన్నమాట.

ఈ పోలికను గర్వకారణంగా మాత్రమే చూస్తే అసలు విషయం జారిపోతుంది. విశ్వనాథ వేగానికి వెనుక దశాబ్దాల అధ్యయనం, ఆశుకవిత్వ సాధన, వాక్కును పట్టే లేఖకుడు ఉన్నారు. అవధానంలోనూ అంతే. పృచ్ఛకుల నడుమ, సభ ఎదుట, తక్షణం పద్యం చెప్పడం బయటికి కనిపించే వేగం. దానికి ముందరి ధారణ, అభ్యాసం కనిపించని కాలం. నానోరైమో ఆ కనిపించని కాలాన్ని తీసివేసి, వేగాన్ని మాత్రమే అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అది దాని ప్రజాస్వామిక గుణం. అదే దాని పరిమితి.

కొలత విషయంలో మరొక సమస్య ఉంది. 50,000 పదాలు అన్ని భాషల్లోనూ ఒకే పరిమాణం కాదు. తెలుగులో ప్రత్యయాలు, విభక్తులు, సహాయక క్రియలు ప్రధాన పదానికి అతుక్కుంటాయి. ‘వెళ్ళలేకపోయినప్పటికీ’ అన్న ఒక్క పదంలోని భావానికి ఆంగ్లంలో ఐదారు పదాలు అవసరమవుతాయి. కాబట్టి అదే సంఖ్యను లక్ష్యంగా పెట్టుకున్న తెలుగు రచయిత ఆంగ్ల రచయిత కంటే గణనీయంగా పెద్ద రచన చేయవలసి ఉంటుంది. అంతేకాక ‘చేయవలసివచ్చింది’ అని కలిపి రాస్తే ఒకటి, ‘చేయవలసి వచ్చింది’ అని విడదీస్తే రెండు. యంత్రం ఖాళీలను చూసి లెక్కిస్తుంది గనుక పదవిభజనలో స్థిరత్వం లేని భాషలో ఈ లెక్క లేఖన అలవాటును బట్టి మారిపోతుంది.

ప్రాచీన లేఖకులు ఈ చిక్కును తప్పించుకున్నారు. వారు 32 అక్షరాలను ఒక ‘గ్రంథం’గా గణించి రచన పరిమాణాన్ని నిర్ధారించేవారు. భారతాన్ని ‘శతసాహస్రి’ అనడం శ్లోక పరిమితిని బట్టి ఏర్పడిన వ్యవహారమే. అక్షరగణన పదవిభజనతో నిమిత్తం లేనిది. తెలుగులో ఇటువంటి నెలవారీ రచనా యజ్ఞం తలపెట్టేవారు ఆంగ్ల సంఖ్యను యథాతథంగా స్వీకరించేకంటే అక్షరాలను ప్రమాణంగా తీసుకోవడం శాస్త్రీయం.

సంక్షోభం, అంతం

పదసంఖ్య ఒక్కటే విజయ ప్రమాణమైతే, మనిషి అవసరమేమిటన్న ప్రశ్న 2013లోనే హాస్యరూపంలో తలెత్తింది. డేరియస్ కజెమీ అనే ప్రోగ్రామరు, అదే నవంబరులో 50,000 పదాల ‘నవల’ను ఉత్పత్తి చేసే ప్రోగ్రాము రాయమని తోటివారిని ఆహ్వానించాడు. దానికి ‘నానోజెన్‌మో’ అని పేరు. పాల్గొన్నవారిలో ఒకరు ‘మ్యావ్’ అనే శబ్దాన్నే 50,000 సార్లు కూర్చి సమర్పించారు. ఆ పరిహాసంలోని తర్కం నిర్దుష్టం. కొలతను తృప్తిపరచడానికీ, నవల రాయడానికీ మధ్య ఉన్న దూరాన్ని అది ఒక్క కూతతో చూపింది.

పదేళ్ళ తరువాత ఆ పరిహాసం వాస్తవమైంది. 2023 చివర్లో చర్చావేదికల నిర్వహణపైన, అందులోని బాలల భద్రతపైన తీవ్ర ఆరోపణలు వచ్చి సంస్థ విశ్వసనీయత దెబ్బతింది. 2024 సెప్టెంబరులో కృత్రిమ మేధ వాడకంపై సంస్థ ఒక ప్రకటన చేసింది. కృత్రిమ మేధను సమూలంగా నిరసించడంలో వర్గ వివక్ష, వికలాంగుల పట్ల వివక్ష ఉన్నాయన్నది అందులోని ప్రధానాంశం. దీనిపై రచయితల్లో ఆగ్రహం పెల్లుబికింది. డేనియల్ హోసే ఓల్డర్, మారీన్ జాన్సన్ వంటి రచయితలు సంస్థ మండళ్ళ నుంచి తప్పుకున్నారు. 2025 మార్చి 31న సంస్థ మూసివేత ప్రకటన వెలువడింది.

ఆ ఆగ్రహానికి మూలం ఒక యంత్రంపై ద్వేషం మాత్రమే కాదు. బహుమతి లేని, తీర్పరి లేని వ్యవస్థలో 50,000 అన్న సంఖ్యకు విలువ ఇచ్చింది దాని వెనుక ఉన్న ముప్పై రాత్రుల శ్రమ. ఆ శ్రమ లేకుండా సంఖ్యను చేరుకోవడాన్ని సంస్థ తప్పు పట్టకపోవడం, అంతవరకు శ్రమించినవారికి తమ శ్రమను తోసిపుచ్చినట్లు తోచింది. పదసంఖ్య ఏనాడూ అసలు లక్ష్యం కాదని, శ్రమకు గుర్తు మాత్రమేనని సభ్యులకు తెలుసు. ఆ తేడాను సంస్థ చెప్పలేకపోయింది.

ముగింపు

నానోరైమో చరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, నవలారచనకు సాహచర్యం అవరోధం కాదు. సామాన్యులకు అది ఆలంబనమే. రెండవది, తీర్పు లేని కొలత భయాన్ని పోగొడుతుంది గానీ, ఆ కొలతకు అర్థమిచ్చేది పాల్గొనేవారి నిజాయితీ. ఆ నిజాయితీని కాపాడలేని సంస్థ కొలతను కూడా కాపాడలేదు. మూడవది, కొలతలు భాషాధీనాలు. ఒక భాషలో పుట్టిన సంఖ్య మరొక భాషలో అదే బరువు తూగదు. సంస్థ ముగిసినా నవంబరులో కలిసి కూర్చొని రాసే అలవాటు సంస్థ సొత్తు కాదు గనుక దానితోపాటు ముగియవలసిన పని లేదు. అవధాన సభలను, పత్రికల పోటీలను, గ్రంథగణనను ఎరిగిన తెలుగు సమాజం అటువంటి అలవాటును తన కొలతలతో, తన గడువులతో పునర్నిర్మించుకోవడానికి కావలసిన సామగ్రి తన చరిత్రలోనే కలిగి ఉంది.