సీసాలో మూత్రం: నమూనా వయసు ఎందుకు రాయాలి

మూత్రంలో దాదాపు 95 శాతం నీరే. మిగిలినదాంట్లో పెద్ద వాటా యూరియాది. పెద్దవాళ్లు రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల యూరియా విసర్జిస్తారు. తిండిలో మాంసకృత్తులు పెరిగితే అదీ పెరుగుతుంది. సోడియం, పొటాషియం, క్లోరైడ్, ఫాస్ఫేట్, క్రియాటినిన్, యూరిక్ ఆమ్లం దాని తర్వాతివి. పీహెచ్ 4.5 నుంచి 8 వరకు ఎక్కడైనా ఉండొచ్చు, ఎక్కువగా 6 దగ్గర ఉంటుంది. ఇవన్నీ అప్పుడే పట్టిన మూత్రం లెక్కలు. కాసేపు నిలవ ఉన్నదానికి ఇవే వర్తిస్తాయని అనుకోకూడదు.

యూరియా తనంతట తాను విడిపోవడం చాలా నెమ్మది. 25 డిగ్రీల దగ్గర, ఎంజైమ్ లేకుండా, సగం విడిపోవడానికి దాదాపు 40 ఏళ్లు పడుతుందని ఒక అంచనా. బాక్టీరియా తయారుచేసే యూరియేజ్ అనే ఎంజైమ్ తోడైతే అదే పని గంటల్లో, రోజుల్లో అయిపోతుంది. రసాయన శాస్త్రవేత్త జేమ్స్ సమ్నర్ 1926లో ఒక చిక్కుడుజాతి గింజ నుంచి స్ఫటికంగా వేరుచేసిన ఎంజైమ్ ఇదే. ఎంజైములు మాంసకృత్తులేనని రుజువు కావడానికి అది దారితీసింది. ఒక్కో యూరియా అణువు నుంచి రెండు అమోనియా అణువులు వస్తాయి. పీహెచ్ 9 దగ్గరికి ఎక్కుతుంది. 6 దగ్గర అమోనియా దాదాపు అంతా వాసన లేని అమ్మోనియం అయాన్‌గా కరిగి ఉంటుంది. 9 దగ్గర మూడో వంతుకు పైగా వాయురూపంలోకి మారగల స్థితికి వస్తుంది. మూత్రశాలల ఘాటు అదే. పీహెచ్ పెరిగాక మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి అడుగుకు చేరతాయి. గొట్టాల్లో పేరుకునే గట్టి పొరలో, మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన స్ట్రూవైట్ ఒక ముఖ్య భాగం.

యూరియా ఇలా విడిపోవడం ఎన్ని గంటల్లో జరుగుతుంది? ఒకే అంకె చెప్పేవాళ్లను నేను నమ్మను. బాక్టీరియా పొర పట్టిన గొట్టంలో యూరియా చకచకా విడిపోతుంది. శుభ్రమైన మూసిన సీసాలో చాలా రోజులు నిలవొచ్చు. మూత్రం సూక్ష్మజీవరహితమన్న పాత నమ్మకం కూడా ఇప్పుడు నిలవదు. కెథెటర్‌తో తీసిన స్త్రీల మూత్రంలో, మామూలు కల్చర్‌కు దొరకని సజీవ బాక్టీరియా ఉన్నట్లు 2014లో షికాగోకు చెందిన లొయోలా విశ్వవిద్యాలయ బృందం చూపించింది. అయితే సీసాలో అమోనియా పుట్టించేవి ఆ బాక్టీరియాయేనని దీన్నిబట్టి తేల్చలేం. చర్మం మీదివి, పాత్రలోవి కూడా కారణం కావొచ్చు.

రోగ నిర్ధారణలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న నమూనాను 2 గంటల్లోపు పరీక్షించాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి అన్నది ప్రయోగశాలల నియమం. ఆలస్యమైతే గ్లూకోజ్‌ను బాక్టీరియా తినేస్తుంది. వెలుతురుకు బిలిరుబిన్ తగ్గుతుంది. ఎర్ర కణాలు పగిలిపోతాయి. నైట్రేట్ నైట్రైట్‌గా మారి, లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్లు కనిపించవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టినా యూరేట్ స్ఫటికాలు ఏర్పడి నమూనా మసకబారవచ్చు.

పీహెచ్ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. రిపోర్టులో 8.5 అని ఉంటే దానికి రెండు అర్థాలుండొచ్చు. ప్రోటియస్ లాంటి, యూరియేజ్ తయారుచేసే బాక్టీరియా మూత్రనాళంలోనే ఉండొచ్చు. అలాంటి ఇన్‌ఫెక్షన్‌లో స్ట్రూవైట్ రాళ్లు ఏర్పడతాయి. లేదా సీసా ఎండలో ఉండిపోయి ఉండొచ్చు. రెండిట్లోనూ రసాయన చర్య ఒకటే, జరిగిన చోటే వేరు. పట్టిన సమయం రాసి ఉంటే తప్ప రిపోర్టు ఒక్కటే చూసి వైద్యుడు ఏదీ తేల్చలేడు.

నమూనా నిలవ చిక్కు సర్వేల్లోనూ ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు కారణాల కోసం ఏళ్లుగా వెతుకులాట సాగుతోంది. కిడ్నీ జబ్బు సర్వేల్లో మూత్రంలోని ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చి చూడడం ప్రధాన కొలత. ఆల్బుమిన్ కొన్ని రోజులు ఫ్రిజ్‌లో బాగానే నిలుస్తుంది. మైనస్ 20 డిగ్రీల దగ్గర నెలల తరబడి గడ్డకట్టించి ఉంచితే మాత్రం కొన్ని నమూనాల్లో విలువ తగ్గుతుంది. మైనస్ 70, అంతకంటే తక్కువ నయం. ఊళ్లో పట్టిన నమూనా దూరపు ప్రయోగశాలకు ఎలా చేరింది, ఎంత చల్లగా ఉంది అన్నది ప్రతి అధ్యయనం అంకెలతో పాటు ప్రచురించాలి. రోగుల ప్రాణాలతో ముడిపడిన లెక్కలివి.

మూత్రాన్ని పొలానికి ఎరువుగా వాడేవాళ్లకు మాత్రం యూరియా అమోనియాగా మారడం మేలు. ఒకటికంటే ఎక్కువ ఇళ్ల మూత్రాన్ని కలిపితే, 20 డిగ్రీలు లేదా అంతకు పైన కనీసం 6 నెలలు నిలవ ఉంచాక ఏ పంటకైనా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెప్పాయి. పెరిగిన పీహెచ్, అమోనియా రోగకారకాలను చంపుతాయి. మూత తెరిచి ఉంటే మాత్రం అమోనియాలోని నత్రజని గాలిలో కలిసిపోతుంది. భారతదేశంలో ఒక మనిషి మూత్రంలో ఏటా సుమారు 2.3 కిలోల నత్రజని పోతుందన్న అంచనా ఉంది. అది తిండి లెక్కల నుంచి కట్టినదే తప్ప మూత్రాన్ని కొలిచి చెప్పినది కాదు. ఇక్కడి పల్లెల్లో నేరుగా కొలవాలంటే, పట్టిన వెంటనే ఆమ్లం కలిపి యూరియేజ్‌ను ఆపాలి. లేకపోతే ప్రయోగశాలకు చేరేలోపే కొంత నత్రజని పోతుంది.