స్పోర్ట్స్ సెడాను కథ: కొత్తదా, చేతులు మారినదా?

సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లను చూచును, మూపును తట్టును, నాలుగడుగులు నడిపించి నడకను గమనించును. బేరము తుండుగుడ్డ మాటున వ్రేళ్ళ సైగలతో సాగును. ఇంత చేసినను ఆ ఎద్దు నడిచాలులో పండుకొనునో లేదో ముందుగా ఎఱిగినవాడు అమ్మువాడొక్కడే. మోటారుకారును కొనువారికి నేటికిని ఇదే చిక్కు. అందును, సంసారమునకు చాలినంత చోటును, పందెపుబండి చురుకును, పెద్దింటి సౌఖ్యమును ఒక్కచోట కూర్చిన మధ్యస్థాయి స్పోర్ట్స్ సెడాను విషయమున ఈ చిక్కు మఱింత పెద్దది. అట్టి కారును కొత్తగా కొనుటకు ధనము కావలెను. పాతది కొనుటకు ధైర్యము కావలెను. రెండింటిలో ఏది మేలు అను ప్రశ్నకు ఆ కారుజాతి చరిత్రయే కొంత సమాధానము చెప్పుచున్నది. ఆ చరిత్రను క్లుప్తముగ విన్నవింతుము.

రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము వేగము కోరువాని బండి వేఱు, సంసారి బండి వేఱు. రెండును ఒకే బండిలో కోరువాడు మిక్కిలి ధనవంతుడై యుండవలెను. యుద్ధానంతరము ఈ హద్దును చెరపినవారిలో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో సంస్థ ముందు నిలిచినది. మిలాను నగరమందలి దాని కర్మాగారము యుద్ధకాలమున బాంబుదాడులచే దెబ్బతినియుండెను. ధనికులకై కొలదిసంఖ్యలో పందెపుబండ్లు చేసి బ్రతుకుట ఇక సాధ్యము కాదని సంస్థ గ్రహించినది. 1950లో ఓరాజియో సత్తా అను ఇంజనీరు పర్యవేక్షణమున 1900 అను నాలుగు తలుపుల కారు వెలువడినది. అందు వేఱుగా చట్రము లేదు. శరీరమే భారమును మోయును. ఆ సంస్థ వరుసక్రమపు ఉత్పత్తిపద్ధతిలో తయారుచేసిన మొదటి కారు అదియే. పందెములు గెలుచు సంసారపు బండి యని దానిని చాటుకొనిరి. అదే సంవత్సరమున మొదటి ఫార్ములా వన్ ప్రపంచ విజేతయైన ఫరీనా నడిపినది ఆల్ఫా రోమియో బండినే యగుటచే ఆ మాటను జనులు సులువుగా నమ్మిరి.

ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున విలియం లయన్సు నడపిన జాగ్వార్ సంస్థ 1959లో మార్క్ 2 అను సెడానును తెచ్చినది. అందలి ఆరు సిలిండర్ల ఇంజను లె మాన్ పందెములో పలుమార్లు గెలిచిన ఇంజను వంశమునకు చెందినది. 3.8 లీటర్ల రకమునకు 220 అశ్వశక్తి. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగము. నాలుగు చక్రములకును డిస్కుబ్రేకులు. లోపల తోలు ఆసనములు, వాల్నట్ చెక్క పనితనము. కాని కాలక్రమమున ఈ బండ్ల అడుగురేకులను త్రుప్పు తినివేసెను. కన్నుకు కనబడు చెక్క మెఱయుచుండగా, కనబడని ఇనుము కరగిపోవుచుండెను. పాతకారును కొనువారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

ఈ జాతికి నిలుకడయైన రూపము నిచ్చినది జర్మనీ. మ్యూనిచ్ నగరపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆ కాలమున ఒకవైపు ఎనిమిది సిలిండర్ల భారీకార్లను, మఱియొకవైపు ఇటలీవారి అనుమతితో ఇసెట్టా అను గ్రుడ్డువంటి బుల్లికారును చేయుచుండెను. నడుమ తగిన బండి లేదు. భారీకార్లు నష్టమును తెచ్చెను. 1959 డిసెంబరు 9వ తేదీనాటి వాటాదారుల సమావేశమున సంస్థను డైమ్లర్-బెంజ్ చేతికి అప్పగింపవలెనను ప్రతిపాదన వచ్చెను. చిన్నవాటాదారులును, ఆ కార్లను అమ్ము వర్తకులును ఎదురుతిరిగి, లెక్కలపత్రములోని లోపమును ఎత్తిచూపి ఆ ప్రయత్నమును ఆపించిరి. పిదప హెర్బర్ట్ క్వాంట్ అను పారిశ్రామికుడు తన వాటాను పెంచి సంస్థను నిలబెట్టెను.

అట్లు దక్కిన ఊపిరితో చేసిన కారు 1500. 1961లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున అది జనుల కన్నుల బడెను. నాలుగు సిలిండర్లు, 80 అశ్వశక్తి, ముందుచక్రములకు డిస్కుబ్రేకులు. నాలుగు చక్రములును దేనికది స్వేచ్ఛగా కదలు అమరిక. అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌసెన్ అను నిపుణుడు ఇంజనును మున్ముందు పెద్దది చేయుటకు వీలుగా మొదటనే గట్టిగ నిర్మించెను. ఆ దూరదృష్టి వ్యర్థము కాలేదు. 1983లో నెల్సన్ పికె ఫార్ములా వన్ విజేత యైనపుడు అతని పందెపుబండిలోని ఇంజనుకు ఆధారము ఈ వంశపు దిమ్మయే. 1963 నాటికి సంస్థ వాటాదారులకు మరల లాభము పంచగలిగెను. మ్యూనిచ్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగిన 1972లో ఈ బండికి వారసుడుగా 5 సీరీస్ వచ్చెను. మధ్యస్థాయి స్పోర్ట్స్ సెడాను అనగానే నేటికిని స్ఫురించు పేర్లలో అది మొదటిది.

పోటీదారైన మెర్సిడెస్-బెంజ్ మార్గము వేఱు. 1976 మొదలు 1985 వఱకు అది చేసిన 123 శ్రేణి కార్లు దాదాపు 27 లక్షలు. వానికి పేరు తెచ్చినది వేగము కాదు, మన్నిక. ఒకరు తోలువాని ఆనందమును, మఱియొకరు బండి ఆయుష్షును ముందుంచిరి. క్రమముగ ఇరువురును ఒకరి విద్యను మఱియొకరు నేర్చిరి. 1985లో బి.ఎం.డబ్ల్యు. తన పందెపుకారు ఇంజను వంశమునుండి 286 అశ్వశక్తి గల యంత్రమును తీసి, సాదాగా కనబడు 5 సీరీస్‌లో బిగించి ఎం5 అని పేరిడెను. 1990లో మెర్సిడెస్ 500 ఇ అను కారును పోర్షె సంస్థ తోడ్పాటుతో నిర్మించెను. వెలుపల గృహస్థు, లోపల మల్లుడు. చూచువారికి భేదము తెలియదు; మరమ్మతుచీటీ చూచినవానికి తెలియును.

ఇచ్చటనే మన ప్రశ్న మొదలగును. ఇట్టి కారు మొదటి యజమానిచేతిలో మూడునాలుగేండ్లుండి చేతులు మారును. మన దేశమున బీమా సంస్థలు చిరకాలముగ అనుసరించుచు వచ్చిన తరుగుదల పట్టికను చూడుడు. మొదటి ఆరునెలలలో నూటికి 5, ఏడాదిలోపల 15, రెండేండ్లకు 20, మూడేండ్లకు 30, నాలుగేండ్లకు 40, ఐదేండ్లకు 50. అనగా, 70 లక్షల కారు ఐదేండ్లకు పట్టికలో 35 లక్షలు. ఖరీదైన సెడాన్లు అంగడిలో అంతకంటెను త్వరగా దిగుట కలదు. కొనువానికి ఇది వరమువలె తోచును. కాని ధర దిగినదే గాని కారు తరగతి దిగలేదు. దాని బ్రేకుపళ్ళెములు, గాలిసస్పెన్షను, గేరుపెట్టె ఇప్పటికిని 70 లక్షల కారువే. సగము ధర పెట్టి కొన్నవానికి మరమ్మతు సగము ధరకు దొరకదు. పిల్లల చదువులకో, ఇంటికో కూడబెట్టినది ఇట్టి బండి క్రింద కరగిపోవుట ఈ లెక్క మఱచినందువలననే.

కనబడని లోపముల సమస్యపై అమెరికా దేశము చాలకాలము పెనుగులాడినది. 1958లో సెనేటరు మన్రోనీ పూనికతో వచ్చిన చట్టము ప్రతి కొత్తకారు అద్దముపైన ధరచీటీ అతికింపవలెనని శాసించెను. 1972 చట్టము తిరిగిన మైళ్ళను చూపు ఓడోమీటరును వెనుకకు త్రిప్పుటను నేరము చేసెను. 1985 నుండి పాతకార్ల వర్తకులు హామీ కలదో లేదో తెలుపు పత్రమును బండిలో ప్రదర్శింపవలసి వచ్చెను. ఈ నడుమ 1970లో జార్జి ఏకెర్లాఫ్ అను అర్థశాస్త్రజ్ఞుడు నిమ్మకాయల బజారు అను పేరుతో ఒక వ్యాసము ప్రకటించెను. మనవారు కొత్తబండి చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కింతురు; అమెరికనులకు నిమ్మకాయ యనగా లోపమున్న కారే. మంచిదియు చెడ్డదియు కొనువానికి ఒక్కతీరుగ కనబడునపుడు అతడు నడిమిధర మాత్రమే ఇచ్చును. ఆ ధరకు మంచికారు యజమాని అమ్మక ఊరకుండును. చెడ్డకారు యజమాని సంతోషముతో అమ్మును. క్రమముగ అంగడిలో చెడ్డవియే మిగులును. ఇది ఆయన వాదము. ఇట్టి పరిశోధనలకే ఆయన మఱియిరువురితోకూడ 2001లో నోబెల్ బహుమానము నందెను.

ఈ రోగమునకు మందు చట్టముకంటె నమ్మకమే యని కొందఱు తయారీదారులు గ్రహించిరి. జపాను దేశపు టొయోటా సంస్థ 1989లో లెక్సస్ అను కొత్తపేరుతో అమెరికాలో కార్ల నమ్మజొచ్చెను. దాని మొదటి కారు మధ్యస్థాయిది కాదు, పెద్దది. నెలలైనను గడువకముందే లోపములు బయటపడగా, దాదాపు 8,000 కార్లను యజమానుల ఇండ్లనుండి తామే తీసికొనిపోయి, బాగుచేసి, కడిగి, మరల అప్పగించిరి. తలవంపులు కావలసినది కీర్తి యయ్యెను. 1990 తరువాతి కొద్దియేండ్లలో లెక్సస్ మొదలైన సంస్థలు తమ పాతకార్లను తామే పరీక్షించి, హామీ చేర్చి అమ్ము పద్ధతిని వ్యాపింపజేసినవి. అట్టి కారు అంగడిధరకంటె ఎక్కువ పలుకును. ఆ అధికధనము ఇనుమునకు కాదు. అమ్మువానికి మాత్రమే తెలిసిన సంగతిని కొనువాడును తెలిసికొనినందులకు.

మన దేశమున మెర్సిడెస్-బెంజ్ 1995లో పూనావద్ద మధ్యస్థాయి ఇ-క్లాస్ కూర్పును ఆరంభించెను. బి.ఎం.డబ్ల్యు. 2007లో చెన్నైవద్ద కర్మాగారము తెఱచెను. తరువాత ఒక వింత మార్పు కలిగినది. మన శ్రీమంతులలో పలువురు తోలువారు కారు, వెనుక కూర్చుండువారు. కావున 2017లో ఇ-క్లాసును, 2024లో 5 సీరీసును వెనుక ఆసనమునకు చోటు పెంచిన పొడవురూపమున ఇచ్చట అమ్మజొచ్చిరి. 1500 కారును నిర్మించినవారు తోలువానిని దృష్టియందుంచుకొనిరి. నేటి కారు వెనుకనున్న దొరను చూచుచున్నది. కావున కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న, ఈ బండిని ఎవరు తోలుదురు? అనునది. తామే తోలుదురేని, పొడవు పెరుగక పూర్వపు పాతకారు కొత్తదానికంటె తమకు నచ్చవచ్చును.

పాతది కొనువారు కాగితములను ఇనుముకంటె ముందు చూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మినవాడు అదే రాష్ట్రములో నైనచో 14 దినములలో, ఇతర రాష్ట్రమునకైనచో 45 దినములలో బదిలీని తెలుపవలెను; కొనినవాడు 30 దినములలో తెలుపవలెను. ఇతర రాష్ట్రపు బండికి ఆ రాష్ట్రపు అధికారి నిరాక్షేపణపత్రము కావలెను. అప్పు తీరినట్లు పత్రమును, రిజిస్ట్రేషనులో అప్పిచ్చినవాని పేరు కొట్టివేయుటయు తప్పనిసరి. బదిలీ జరుగక ప్రమాదము సంభవించినచో రికార్డులోనున్న యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున బదిలీలో తొందర అమ్మువానికిని అవసరమే.

అటుపిమ్మట బండి. సర్వీసుచీటీలలోని కిలోమీటర్లను ఓడోమీటరుతో సరిచూడవలెను. టైరుపైనున్న నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తక్కినవి సంవత్సరమును తెలుపును. తక్కువ తిరిగినదన్న కారునకు టైర్లన్నియు ముందే మారియున్నచో కారణము అడుగవలెను. ఇంజను చల్లగా నున్నపుడే మొదట నడిపింపవలెను. ముందుగా వేడిచేసి యుంచిన ఇంజను కొన్ని చప్పుళ్ళను దాచును. కారులోని కంప్యూటర్లను చదువు పరికరముతో ఒక పూట పరీక్ష చేయింపవలెను. దానికయ్యెడి వ్యయము ఒక్క గేరుపెట్టె మరమ్మతులో పిసరంత.

ఇక మా అభిప్రాయము. పదేండ్లపాటు ఒకే కారును వాడదలచినవారికి, మరమ్మతుల వెంట తిరుగ తీరికలేనివారికి కొత్తదే తగును. మొదటి యేండ్ల తరుగు పదేండ్లపై పంచుకొనబడును. తానే తోలుచు, యంత్రమును ప్రేమించువానికి ఒక్క యజమానిచేతిలో మూడునాలుగేండ్లు నడచి, ప్రతి సర్వీసుకు చీటీయున్న కారు మేలు. ఐతే ఉన్న ధనమంతయు కారుధరకే వెచ్చింపక, ధరలో ఆఱవవంతైనను మొదటి రెండేండ్ల మరమ్మతులకు ప్రక్కన నుంచవలెను. అట్లు నుంచలేనివారు ఒక మెట్టు దిగి చిన్నకారును కొత్తగా కొనుటలో చిన్నతనము లేదు. 1959లో మ్యూనిచ్ వర్తకులు తమ సంస్థను కాపాడుకొనినది మెఱుగును చూచి కాదు, లెక్కలపత్రమును పుట పుట చదివి. మన శ్రోతలును సర్వీసుచీటీలను ఆ విధముగనే చదివి, ఒక్క చీటీ లేకున్నను ఎందుకు లేదో అడిగి, పిమ్మటనే బయానా ఇత్తురుగాక.