పాలమూరు ముచ్చట్లు – 9: పిల్లకు ఉచితం, గురువుకు జీతం

పోయిన భాగంలో సంస్థానాల భూముల గురించి రాసిన. ఈసారి ముచ్చట చదువు, సంగీతం గురించి.

గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. గద్వాల, వనపర్తి దర్బారుల్లో కవులకు, పండితులకు సన్మానాలు జరిగినయి. చరిత్ర పుస్తకాలు దీన్నే పాలమూరు విద్యా వైభవం అంటయి. అదే కాలంలో కోట బయట ఇంకో విద్య నడిచింది. దానికి దర్బారు లేదు, బడి లేదు, ఫీజు లేదు.

మాదిగ పిల్లగాడు తండ్రి పక్కన నిలబడి డప్పు నేర్చుకున్నడు. తోలును మంట కాడ కాచుడు, చిర్రా సిటికెన పుల్లా పట్టుడు, పెండ్లి దెబ్బ, చావు దెబ్బ, జాతర దెబ్బ వేరు చేసుడు, ఇదంతా సిలబస్సే. నేర్పినోనికి జీతం లేదు. కొట్టినోనికి కూలి కూడా సరిగ్గ లేదు, ఎందుకంటే అది వెట్టి.

డక్కలి వాళ్లది ఇంకా కింది మెట్టు. మాదిగల పుట్టుక కథ, జాంబ పురాణం చెప్పేది వాళ్లే. అయినా మాదిగవాడ సుత వాళ్లను గడప దాటనియ్యలే. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, మైనంతో కిన్నెర చేసుకొని, ఊరూరు తిరిగి పండుగ సాయన్న కథ బతికించిన్రు.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య ఆ పరంపర మనిషే. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తడు. తెలంగాణ 8వ తరగతి సాంఘిక పుస్తకంలో ఆయన గురించి పెట్టిన్రు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి కూలి పని చేస్తున్నడని పత్రికలు రాసినయి. పాఠం బడి లోపల ఉంది, పంతులు బడి బయట ఉన్నడు.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. 6 నుంచి 8 తరగతులున్న బడిలో పిల్లలు 100 దాటితే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలె. అంటే సర్కారు బడిల పాట నేర్పుడు దానధర్మం కాదు, చట్టంల రాసిన మాట.

'ఉచిత సంగీత విద్య' అనంగనే సేవాభావంతో ఎవరైనా వచ్చి నేర్పాలంటరు. మన తాతలు తరతరాలు ఉచితంగనే నేర్పిన్రు గదా! ఆ ఉచితం పేరు వెట్టి. నేను అడిగేది వేరే ఉచితం. పిల్లకు ఫీజు ఉండొద్దు, గురువుకు నెల జీతం ఉండాలె. డిగ్రీ లేదని డప్పు మాస్టరును, కిన్నెర కళాకారుణ్ని గేటు కాడ ఆపొద్దు.

ఇంకో మాట. డప్పు మన పిల్లల మెడలనే వేసి, వార్షికోత్సవం నాడు స్వాగతానికి నిలబెడితే అది చదువు కాదు, పాత వెట్టికి కొత్త యూనిఫాం. తరగతిల అన్ని కులాల పిల్లలు డప్పు పట్టాలె. మన పిల్లలకు వీణ, వయొలిన్, కీబోర్డు అందాలె. ఏ కులానికి ఏ వాద్యం అన్న లెక్క తెగాలంటే తెగే చోటు సర్కారు బడే.

వనపర్తి రాజుల కోటల 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్నది. కోట బడి కాగలిగినప్పుడు, వాడల విద్య బడిలకు రాకపోవుడేంది? మీ ఊరి బడిల కళల బోధకుడు ఉన్నడా లేడా, పోయి హెడ్మాస్టరును అడగండి. లేకుంటే కలెక్టరుకు దరఖాస్తు పెడదాం.

జై భీమ్.