సామాజిక సందిగ్ధాల్లో సహకారం

ఎవరికి వారు సొంత లాభం చూసుకుంటే ఆ పూటకు మేలు జరిగి, అందరూ అదే దారి పడితే చివరికి అందరూ నష్టపోయే పరిస్థితిని సామాజిక సందిగ్ధం అంటారు. పన్ను ఎగ్గొట్టినవాడు కూడా అందరితో పాటు రోడ్డు వాడుకుంటాడు. ఒక్క పడవ చేపపిల్లల్ని సైతం పట్టేసినంత మాత్రాన సముద్రం ఖాళీ కాదు. అందుకే తన వంతు ఎగ్గొట్టాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. అయినా చాలామంది ఎగ్గొట్టరు. ఎందుకు ఎగ్గొట్టరు, ఎప్పుడు ఎగ్గొడతారు అన్న ప్రశ్నలపై ఆర్థిక, మనస్తత్వ, రాజనీతి శాస్త్రాలు డెబ్భై ఏళ్లకు పైగా పరిశోధన సాగిస్తున్నాయి. ఇంతకాలపు ప్రయోగాలను కలిపి చూస్తే, సహకారాన్ని స్వార్థం కన్నా అనుమానమే ఎక్కువగా చెడగొడుతోందని చెప్పవచ్చు.

పుట్టుక

1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఇద్దరు ఆడే ఒక ఆటను రూపొందించారు. దానికి ఇద్దరు నిందితుల కథ తొడిగి 'ఖైదీల సందిగ్ధం' అని పేరు పెట్టినవాడు గణిత శాస్త్రవేత్త ఆల్బర్ట్ టక్కర్. ఇద్దరూ నోరు విప్పకపోతే ఇద్దరికీ చిన్న శిక్షే. ఒకడు రెండోవాడి మీద చెబితే చెప్పినవాడు బయటపడతాడు, రెండోవాడు ఏళ్ల తరబడి జైల్లో మగ్గుతాడు. ఇద్దరూ చెబితే ఇద్దరికీ గట్టి శిక్షే. లెక్క ప్రకారం ఎదుటివాడు ఏం చేసినా చెప్పేయడమే లాభం. కానీ ఫ్లడ్, డ్రెషర్ తమ ఆటను ఆర్థికవేత్త ఆర్మెన్ ఆల్షియన్, గణితజ్ఞుడు జాన్ విలియమ్స్‌ల చేత 100 సార్లు ఆడిస్తే, 60 సార్లు ఇద్దరూ సహకరించుకున్నారు. లెక్క చెప్పినదానికీ మనుషులు చేసినదానికీ మధ్య తేడా ఆ మొదటి ఆటలోనే బయటపడింది.

1965లో మాన్సర్ ఓల్సన్, 1968లో గారెట్ హార్డిన్ ఇదే చిక్కును పెద్ద సమూహాలకు, ఉమ్మడి వనరులకు వర్తింపజేసి, బయటి ఒత్తిడి లేకుండా జనం కలిసిరారని వాదించారు. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ఖైదీల సందిగ్ధాన్ని పదేపదే ఆడించి నిర్వహించిన కంప్యూటర్ పోటీలో నెగ్గినది మాత్రం అనటోల్ రాపొపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రాం: మొదట సహకరించు, ఆపైన ఎదుటివాడు కిందటిసారి చేసిందే చెయ్యి.

మనసులో జరిగేది

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది ఉమ్మడి నిధి ఆట. నలుగురికి తలా 20 టోకెన్లు ఇస్తారు. నిధిలో ఒక టోకెన్ వేస్తే నలుగురికీ తలా 0.4 వస్తుంది. అంటే వేసినవాడికి నష్టం, గుంపుకు లాభం. మొదటి రౌండులో జనం సగటున సగం దాకా వేస్తారు. రౌండ్లు గడిచేకొద్దీ అది పడిపోతూ, చివరికి చాలా తక్కువకు చేరుతుంది. జనం క్రమంగా తమ స్వార్థం తెలుసుకుంటున్నారని మొదట అనుకున్నారు. 2001లో ఫిష్‌బాకర్, గేష్టర్, ఫెయిర్ వేరే సంగతి చూపించారు. ఆటగాళ్లలో దాదాపు సగం మంది, ఇతరులు వేస్తే తామూ వేస్తామనేవారు. ఏమీ వేయనివారు దాదాపు 30 శాతం. మొదటి రకంవారు ఇతరుల సగటు కన్నా కాస్త తక్కువే వేస్తారు కాబట్టి, ఆ కాస్త ప్రతి రౌండులోనూ పేరుకుని నిధి ఖాళీ అవుతుంది. వాళ్లు మనసు మార్చుకోలేదు. తామొక్కరమే మోసపోతున్నామని వెనక్కి తగ్గారు.

1970లో హెరాల్డ్ కెల్లీ, ఆంథొనీ స్టహెల్‌స్కీ చేసిన పరిశీలన ఇంకా లోతైనది. సహకరించే స్వభావం ఉన్నవారు లోకంలో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఇద్దరూ ఉన్నారనుకుంటారు. పోటీతత్వం ఉన్నవారు మాత్రం అందరూ తమలాంటివాళ్లేనని నమ్ముతారు. వారితో ఆడినవాళ్లు ఆత్మరక్షణకు పోటీకి దిగుతారు కనుక ఆ నమ్మకం ప్రతిసారీ నిజమవుతుంది. ఎదుటివాళ్లను అలా మార్చింది తామేనని వారికి తోచదు. రోజూ మనం చూసే ఎన్నో తగాదాలకు ఇంతకన్నా సూటి వివరణ దొరకడం కష్టం.

మాట, పేరు, శిక్ష

ఆటకు ముందు ఆ సమస్య గురించే మాట్లాడుకోనిస్తే సహకారం బాగా పెరుగుతుందనీ, ఊసుపోక కబుర్లు చెప్పుకుంటే పెరగదనీ 1977లో రాబిన్ డాస్ బృందం గమనించింది. పేరు కూడా పనిచేస్తుంది. ఒకే ఆటను 'వాల్ స్ట్రీట్ ఆట' అని పిలిస్తే మూడో వంతు, 'సమాజం ఆట' అని పిలిస్తే మూడింట రెండు వంతుల మంది సహకరించారని 2004లో లిబర్‌మన్, శామ్యూల్స్, రాస్ ప్రకటించారు.

సొంత డబ్బు ఖర్చుపెట్టి ఎగవేతదారును శిక్షించే వీలుంటే నిధి నిలబడుతుంది. అయితే శిక్ష అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. 16 నగరాల్లో జరిగిన ప్రయోగం (2008) ప్రకారం, మస్కట్, ఏథెన్స్ వంటి చోట్ల కొందరు బాగా ఇచ్చినవారినే శిక్షించారు. హైఫా నగరంలోని శిశు సంరక్షణ కేంద్రాల్లో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. జరిమానా ఎత్తేసినా అవి పాత స్థాయికి రాలేదు. మొహమాటం ఉన్నచోట ధర వచ్చి కూర్చుంది.

ఊళ్లలో

హార్డిన్ చెప్పినట్టు జనం చేతులు ముడుచుకోలేదనడానికి కర్నూలు జిల్లా గట్టి ఉదాహరణ. అక్కడి కాలువ కింది గ్రామాలను అధ్యయనం చేసిన రాబర్ట్ వేడ్ 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' వెలువరించారు. కొన్ని ఊళ్లు సర్కారు చెప్పకుండానే ఉమ్మడి నిధి పెట్టుకుని, మడులకు నీళ్లు పంచే నీరుగంట్లను, పంట కాపలాదారులను నియమించుకున్నాయి. పక్క ఊళ్లలో ఇవేవీ లేవు. కాలువ చివర ఉండి, నీళ్లు అందుతాయో లేదోనన్న భయం, తగాదాల ముప్పు ఎక్కువున్న ఊళ్లే ఎక్కువగా సంఘటితమయ్యాయి. ఇలాంటి ఉదాహరణలను ప్రపంచమంతటి నుంచీ సేకరించి విశ్లేషించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమే.

భూగర్భ జలం ఇంకా కఠినమైన చిక్కు. పక్కవాడు ఎంత తోడుతున్నాడో కంటికి కనబడదు. 2000ల దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఆంధ్రప్రదేశ్‌లో సాగిన పథకంలో రైతులే వాననూ బోర్లలో నీటిమట్టాన్నీ కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటలకు నీటి లెక్క వేసుకున్నారు. నిషేధాలు లేవు, లెక్క మాత్రమే అందరి ముందూ ఉంది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో పరిశోధకులు భూగర్భ జలం ఆట ఆడించినప్పుడు, ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టర్లు, కట్టుబాట్లు పెట్టుకోవడం పెరిగింది. రైతులు విడివిడిగా వేసే పంటల్లో స్పష్టమైన మార్పు మాత్రం కనబడలేదు.

మనవాళ్లు, పరాయివాళ్లు

సహకారం ఎప్పుడూ అందరికీ మేలు చేయదు. వేడ్ చూసిన ఊళ్లలో ఉమ్మడి నిధి, కాలువ సిబ్బందికి ముడుపులిచ్చి తమ ఊరికి ఎక్కువ నీళ్లు తెచ్చుకోవడానికి కూడా ఖర్చయింది. ఒక ఊరి ఐకమత్యం మరో ఊరికి కరువు కావచ్చు. 2008లో హలెవీ, బోర్న్‌స్టైన్, సగీవ్ రెండు గుంపుల ఆటలో మూడు దారులు ఇచ్చారు: డబ్బు దగ్గరుంచుకోవడం, సొంత గుంపుకు మాత్రం సాయపడటం, సొంత గుంపుకు సాయపడుతూ అవతలి గుంపును దెబ్బతీయడం. ఆటగాళ్లలో ఎక్కువమంది అవతలివారిని దెబ్బతీసే దారి కన్నా, వారిని ముట్టుకోకుండా సొంతవారికి సాయపడే దారినే ఎంచుకున్నారు.