సర్పి నొప్పికి సి విటమిన్ సెలైన్

గోదావరిఖనిలో బొగ్గుబాయిలు మొదలైన 1960ల నాటి నుంచి అందులోకి దిగినవాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లే. టీకా లేని కాలం అది. ఆటలమ్మ తగ్గినా దాని వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదళ్లలో దాక్కుని, ఎక్కువగా యాభై దాటాక, కొందరిలో సర్పిగా లేస్తుంది. వీపు నుంచి ఛాతీ మీదికి ఒకే పక్క పట్టీ కట్టినట్టు పొక్కులు, చొక్కా తగిలినా మంట. ఆ పట్టీ తల, తోక కలిస్తే ప్రాణం పోతుందని ఊళ్లలో పాత భయం. పొక్కులు ఒక నరం దారినే పోతాయి కాబట్టి మామూలుగా ఆ రెండూ కలవవు. అసలు బాధ పొక్కులు మాడాక నెలల తరబడి మిగిలే నొప్పి. సి విటమిన్ మీద ఆశ పెరిగేది అక్కడే.

ఈ ఆశ 1949 నాటిది. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఫ్రెడరిక్ క్లెన్నర్ అనే డాక్టరు 8 మంది సర్పి రోగులకు 12 గంటలకోసారి 2 నుంచి 3 గ్రాముల సి విటమిన్ సూది వేశాడు. ఏడుగురికి రెండు గంటల్లోనే నొప్పి పోయిందని రాశాడు. ఎనిమిది మంది మాటను తోసిపుచ్చనక్కర్లేదు, కానీ సూది వేయించుకోని రోగులతో పోల్చి చూడలేదు. సర్పి నొప్పి దానంతటదే హెచ్చుతగ్గులవుతుంది గనుక ఆ పోలిక లేనిదే ఫలితం దేనివల్లో తేలదు. అలాంటి పోలిక దక్షిణ కొరియాలో జరిగింది. 2016లో అచ్చయిన ఆ పరిశోధనలో 87 మందిలో కొందరికి 5 గ్రాముల చొప్పున మూడుసార్లు సి విటమిన్ కలిపిన సెలైన్, మిగతావాళ్లకు ఉత్త సెలైన్ ఎక్కించారు. మొదటి వారాల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎనిమిదో వారం నుంచి మాత్రం సి విటమిన్ అందినవాళ్లకు నొప్పి తగ్గింది. క్లెన్నర్ చెప్పిన రెండు గంటల అద్భుతం నిలవలేదు గానీ, ఆయన ఆశ పూర్తిగా వట్టిదీ కాలేదు. ఒక్క చిన్న పరిశోధనతో తీర్పు చెప్పలేం, పెద్దవి జరగాలి.

విటమినే కదా, ఏమవుతుందిలే అనే మాట మాత్రం ఒప్పుకోలేను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు చాలంటోంది. ఒక్క సీసాలో ఎక్కే 5 గ్రాములు దానికి 60 రెట్లకు పైనే. అంత మోతాదులో అది ఆహారం కాదు, మందు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు అంతటి సి విటమిన్ ఎర్ర రక్తకణాలను పగలగొట్టవచ్చు. కిడ్నీ జబ్బో, రాళ్లో ఉన్నవాళ్లకూ ప్రమాదమే. గోదావరిఖని ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గే మనిషికి ఈ సంగతి మరీ ముఖ్యం. కాబట్టి డాక్టరు పరీక్షలు చూసి, అసలు మందుకు తోడుగా ఇస్తే సరే, దాని బదులు ఇస్తే తప్పు. ఆ అసలు మందు అసైక్లోవిర్ లాంటి వైరస్ మందు, పొక్కు కనబడిన 72 గంటల్లోపు మొదలైతేనే బాగా పనిచేస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు నడుముకో ఛాతీకో ఒక పక్కనే పొక్కులు లేస్తే, సెలైన్ గురించి తర్వాత అడగండి, ముందు ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.