మేకమెడ చన్నూ, కొమ్ములేని మేకా: పాడిమేకల చరిత్ర నుంచి ఒక పాఠం

పనికిరాని వస్తువును, ఫలితమివ్వని పనిని ‘మేకమెడ చన్ను’తో పోల్చడం తెలుగువారికి అలవాటు. సంస్కృతంలో దీన్నే అజాగళస్తన న్యాయం అన్నారు. కొన్ని మేకల గొంతు కింద వేలాడే రెండు చిన్న కండలు చూడడానికి చన్నుల్లాగే ఉంటాయి గాని వాటిలో పాలుండవు. పైకి కనిపించే గుర్తుకూ లోపలి గుణానికీ సంబంధం ఉండి తీరాలనేమీ లేదని చెప్పడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు. అయితే మేకలను శాస్త్రీయంగా పెంచాలనుకున్నవారే ఈ హెచ్చరికను మరచిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. వారు కొమ్ములేని తలను కోరి ఎంచుకున్నారు. దాని మూల్యం పాడిలోనే చెల్లించవలసి వచ్చింది. ఆ సంగతిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మేకను మచ్చిక చేసుకోవడం చాలా పాత కథ. ఇరాన్‌లోని జాగ్రోస్ కొండల్లో గంజ్ దరే అనే చోట దొరికిన మేక ఎముకలు సుమారు పదివేల ఏళ్ల నాటివి. మెలిండా జెడర్, బ్రయన్ హెస్ 2000లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, అక్కడివారు పోతుపిల్లలను ఎక్కువగా లేతవయసులోనే కోసి, ఆడ మేకలను చాలాకాలం బతకనిచ్చారు. వేటగాడు ఇలా చేయడు. మందను పెంచుకొనేవాడే రేపటి పిల్లల కోసం ఆడదాన్ని కాపాడతాడు. ఏ పోతు బతకాలో మనిషే నిర్ణయించిన క్షణం నుంచి జాతి మార్పు కూడా మొదలైందని చెప్పవచ్చు. పెంపుడు మేకల జన్యువులను అడవి మేకల జన్యువులతో పోల్చిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. రోగనిరోధానికి, ప్రవర్తనకు సంబంధించిన జన్యుభాగాల్లో మనిషి ఎంపిక ముద్ర బలంగా ఉందని అది చూపింది. అంటే సాధుగుణం కోసం సాగిన ఎంపిక మచ్చికతోనే మొదలైనదన్నమాట.

పాడి విషయానికి వచ్చేసరికి ఈ రెండు గుణాలూ విడదీయరానివి. పాలు పిండేవారికి ఇది అనుభవంలో ఉన్నదే. ‘పాలిచ్చే గొడ్డు తన్నినా ఓర్చుకోవాలి’ అనే అర్థంలో మనవాళ్లు సామెత చెప్పుకున్నారు. కాని తన్నే మేక చెంబును కూడా తన్నేస్తుంది. గొడ్డు పొదుగులోకి పాలు దించడాన్ని మనం ‘చేపడం’ అంటాం. బెదిరిన పశువు సరిగా చేపదు. ఆవుతో పోలిస్తే మేక పొదుగు తిత్తిలో పాలు ఎక్కువ భాగం ముందే నిలవ ఉంటాయి కనుక మేకకు చేపుమీద ఆధారం తక్కువే. అయినా నిలబడని మేకను చివరి ధార దాకా పిండడం ఎవరివల్లా కాదు. చేపు, ఈత, చూడి, వట్టిపోవడం, జున్నుపాలు: ఈ మాటలన్నీ వట్టి పేర్లు కావు. ఏ గొడ్డు ఎన్నో ఈతలో ఎన్నాళ్లు పాలిచ్చింది, ఎప్పుడు వట్టిపోయింది అనే లెక్కను ఇంటి ఇల్లాలు ఈ మాటల్లోనే గుర్తుంచుకొనేది. ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. పోతు పాలివ్వదు. దాని విలువ దాని కూతుళ్ల పొదుగుల్లో తప్ప తెలియదు. కూతుళ్లు పెరిగి, ఈని, పాలిచ్చేదాకా రెండేళ్లు గడుస్తాయి. అప్పటికి ఆ పోతు మందలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

ఈ జ్ఞాపకాన్ని కాగితంమీదికి తెచ్చే ప్రయత్నం 19వ శతాబ్దిలో ఇంగ్లండులో ఒక సంస్థ రూపం పొందింది. బ్రిటిష్ గోట్ సొసైటీ 1879లో ఏర్పడింది. మేకల వంశావళిని పుస్తకాల్లో నమోదు చేసే పద్ధతి దానితో స్థిరపడింది. ఈ చరిత్రలో మన దేశపు మేకకు పెద్ద పాత్రే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో, యమునా చంబల్ నదుల మధ్య లోయల్లో, పెరిగే జమునాపారి మేక ఎత్తయినది, పొడవైన వేలాడే చెవులు, వంపు తిరిగిన ముక్కు గలది. భారతదేశం నుంచి, ఈజిప్టు వైపు నుంచి ఓడల్లో ఇంగ్లండు చేరిన పోతులను అక్కడి ఆడ మేకలతో జతకట్టించగా పుట్టిన సంతతికి ‘ఆంగ్లో నూబియన్’ అని పేరు వచ్చింది. 1910లో వంశావళి పుస్తకంలో దానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. పేరులో ఇండియా లేదు. కాని ఆ వంపు ముక్కులో, ఆ చెవుల్లో జమునాపారి పోలిక నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది. స్విస్ జాతుల పాలకంటే దీని పాలలో వెన్న పాలు ఎక్కువ.

ఇక కొమ్ముల సంగతి. యూరపులో పాడిమేకలను ఎక్కువగా కొట్టాల్లో పెంచేవారు. ఇరుకు చోట కొమ్ములున్న మేకలు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పిండేవారికీ దెబ్బ తగులుతుంది. కనుక స్విట్జర్లాండుకు చెందిన సానెన్, టోగెన్‌బర్గ్ వంటి జాతుల్లో పుట్టుకతోనే కొమ్ములేని మేకలను కోరి ఎంచుకున్నారు. పొడవలేని మేకను సాధువైన మేకగా లెక్కకట్టడం సులభం. కొమ్ములేని పోతును కొమ్ములేని మేకలకే జతకట్టించసాగారు. అప్పుడు ఆ మందల్లో ఆడా మగా కాని పిల్లలు పుట్టడం కనిపించింది. అవి చూలు కట్టవు, పాలివ్వవు.

కారణం తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆ పిల్లలు పుట్టుకలో ఆడవేననీ, కొమ్ములేనితనానికీ ఈ లోపానికీ జన్యుసంబంధం ఉన్నట్టుందనీ 1944లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.ఎ. ఆస్డెల్ చూపాడు. కొమ్ములేని లక్షణం తల్లినుంచీ తండ్రినుంచీ రెండు వైపులా వచ్చిన ఆడపిల్లలో అండాశయం సరిగా ఏర్పడదు. ఒక్కొక్క ప్రతి మాత్రమే ఉన్న తల్లిదండ్రులకు పుట్టే ఆడపిల్లల్లో సగటున నాలుగింట ఒకటి ఇలా పాడికి దూరమవుతుంది. 2001లో ఫ్రెంచి పరిశోధకులు దీనికి మూలమైన జన్యులోపాన్ని గుర్తించారు. ఉపాయం మాత్రం చాలా తేలిక. జతలో ఒకటి కొమ్ములున్నదైతే చాలు, ఈ కీడు తప్పుతుంది. అంటే ఎంపికలో తీసివేయాలనుకున్న ఆ కొమ్మే మందను కాపాడుతుంది. ఈ కారణంచేతనే నేటికీ చాలా పాడి మందల్లో కొమ్ములున్న సంతతినే ఉంచుకొని, పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే కొమ్ము మొలకలను కాల్చివేస్తున్నారు. ఇది బాధాకరమైన పని. దీన్ని మానాలంటే ఏం చేయాలనే చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

తప్పు ఎక్కడ జరిగింది? సాధుగుణాన్ని కోరుకోవడంలో తప్పు లేదు. ఆ గుణాన్ని చూడవలసిన చోట చూడలేదు. ఏ మేక పిండేటప్పుడు నిలబడుతుంది, ఏది కొత్త చేతికి బెదురుతుంది, ఏ తల్లి కూతుళ్లు తల్లిలాగే నెమ్మదిగా ఉన్నాయి అన్నవి ఈతల తరబడి గమనిస్తేగాని తేలవు. కొమ్ము ఒక్క చూపులో కనిపిస్తుంది. ఒక్క చూపులో కనిపించేదాన్ని నమ్మడం వల్ల మేకమెడ చన్ను కథే మరోసారి జరిగింది.

ఈ చర్చ మన ప్రాంతాలకు దూరమైనది కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.88 కోట్లు. మహారాష్ట్రలోని మన విద్యార్థులకు తెలిసిన ఉస్మానాబాదీ మేక, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన జిల్లా పేరు మోస్తున్నది. ఆ జిల్లా పేరు ఇప్పుడు ధారాశివ్ అయినా మేక పేరు మారలేదు. ఆ జాతి ఆడ మేకల్లో కొమ్ములున్నవీ లేనివీ రెండూ కనిపిస్తాయి. ఒడిశాలో గంజాం మేకను గొల్లవారు పెంచుతారు. 1936 దాకా ఆ జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. మేకల జాతులమీద పరిశోధనకు మథుర దగ్గర మఖ్దూంలో 1979లో కేంద్ర సంస్థ ఏర్పడింది. జమునాపారి పరిరక్షణ కూడా దాని పనుల్లో ఒకటి.

పరిశోధనశాలలు జన్యువులను నమోదు చేస్తాయి. మేక మనసును చూసి చెప్పే మాటలను నమోదు చేయవలసినది భాషా విద్యార్థులు. బెదురుగొడ్డును, తన్నే గొడ్డును, చేపని గొడ్డును, కొత్త చేతికి లొంగని గొడ్డును మీ ఊళ్లో పెద్దలు ఏ పేర్లతో పిలుస్తారు? కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాటలు వాటిలో ఎన్ని కలిశాయి? మీ నాయనమ్మనో, మందను మేపే పెద్దాయననో అడిగి, వారు చెప్పినది చెప్పినట్టుగా రాసుకోండి. ఈతల తరబడి చూసినవారి లెక్క ఆ మాటల్లోనే ఉంది. మందలతోపాటు ఆ మాటలు కూడా వట్టిపోకముందే ఆ పని జరగాలి.